ఐస్‌బర్గ్ హెయిర్‌లూమ్ విత్తనాలంటూ అమ్ముతున్న ప్యాకెట్లు: లెట్యూస్ పెంచేవారికి హెచ్చరిక

మిద్దె తోటలో ఐస్‌బర్గ్ లెట్యూస్ (ఆకులు క్యాబేజీలా గుండ్రటి గడ్డగా ముడుచుకునే సలాడ్ ఆకుకూర) వేయాలనుకుంటున్న మిత్రులు ఆన్‌లైన్‌లో విత్తనం కొనే ముందు దయచేసి ఇది చదవండి. హైదరాబాదులో ఈ పంటకు దొరికేది ఒక్క శీతాకాలమే. అక్టోబరు చివర నారు పోస్తే జనవరి నెలాఖరుకో, ఫిబ్రవరి మొదట్లోనో గడ్డ కోతకు వస్తుంది. ఆలస్యమైతే ఎండకు మొక్క నిలువునా కాడ తీసి పూతకు వస్తుంది, ఆకు చేదెక్కుతుంది. కనుక విత్తనం మోసమైతే డబ్బుతో పాటు ఆ ఏటి అదను కూడా పోతుంది.

గత సీజనులో నేను కొన్న ప్యాకెట్‌పై "హెయిర్‌లూమ్ ఐస్‌బర్గ్, దిగుమతి విత్తనం, నూటికి నూరు శాతం మొలక, అన్ని కాలాలకూ అనువైనది" అని రాసి ఉంది. హెయిర్‌లూమ్ అంటే తరతరాలుగా విత్తనం కట్టుకుంటూ వస్తున్న పాత రకం. లాట్ నంబరు గానీ, మొలక పరీక్ష చేసిన తేదీ గానీ, ఏ దేశం నుంచి వచ్చిందో గానీ ఎక్కడా లేవు. మొలకలు పలచగా వచ్చాయి. వచ్చినవాటిలో కొన్నింటి బీజదళాలు (మొలకలో మొదట విచ్చుకునే ఆకులు) నడిమిన నొక్కుతో హృదయాకారంలో ఉన్నాయి. అవి ఆవ జాతి మొక్కలు. లెట్యూస్ బీజదళాలు నొక్కు లేకుండా కోలగా ఉంటాయి. మిగిలినవి పెరిగి పెద్దవయ్యాక అంచులు చిరిగినట్టుండే విడి ఆకుల రకంగా తేలాయి, ఒక్కటీ గడ్డ కట్టలేదు. అమ్మకందారుకు ఫొటోలు పంపితే, మీ ఊరి వేడికి గడ్డ కట్టదని, నీరు ఎక్కువైందని, పైగా వాపసు గడువు ముగిసిందని సమాధానం వచ్చింది. అయితే అదే రోజు, అదే కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు మిశ్రమంలో పోసిన మరో తోటమిత్రుడి గ్రేట్ లేక్స్ అనే గడ్డ కట్టే లెట్యూస్ రకం విత్తనం పక్క తొట్టెల్లో చక్కగా గడ్డ కట్టింది. లోపం వాతావరణానిది కాదని నేను గట్టిగా చెప్పడానికి ఆధారం అదే.

ఈ వ్యాపారం ఇలా సాగడానికి కారణం పంట స్వభావంలోనే ఉంది. విత్తనాలకు వాపసు గడువు సాధారణంగా వారం పది రోజులకు మించదు, కొందరు అసలు ఇవ్వరు. ఈ రకం గడ్డ కట్టడం మొదలుపెట్టేది రెండు నెలలు దాటాక. అంటే తప్పుడు రకం బయటపడేసరికి కొన్నవారి చేతిలో ఏ హక్కూ మిగలదన్నది అమ్మకందారుల లెక్క. కాబట్టి పరీక్ష అంతా ప్యాకెట్ చేతికి వచ్చిన రోజే జరగాలి.

మొదట బొమ్మను చూడండి. ఐస్‌బర్గ్ అనే పేరుతో అమెరికాలో బర్పీ సంస్థ 1894లో విడుదల చేసిన పాత రకానికి ఆకులు ముడతలు పడి, అంచుల్లో ఎర్రటి ఛాయ ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో దొరికే లేత ఆకుపచ్చ గడ్డలు తరువాతి కాలపు రకాలవి. ఆ గడ్డ బొమ్మ వేసి హెయిర్‌లూమ్ అంటే అనుమానించాల్సిందే. "ఎఫ్1 హైబ్రిడ్ హెయిర్‌లూమ్" అని రాసి ఉంటే ఇక చూడనక్కరలేదు, ఎఫ్1 హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి తీసిన మొదటి తరం విత్తనం, ఆ రెండూ ఒకే విత్తనంలో ఉండవు. లెట్యూస్ స్వపరాగ సంపర్క పంట, అంటే పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. నిజమైన పాత రకమైతే దాని విత్తనం మళ్లీ అదే రకంగా మొలుస్తుంది.

తరువాత విత్తనాలను తెల్ల కాగితంపై పోయండి. లెట్యూస్ గింజ సన్నగా, కోలగా, కొన తేలి, పొడవునా గీతలతో ఉంటుంది. తెలుపో నలుపో ఏదైనా కావచ్చు. గుండ్రటి గింజ కనబడితే కల్తీ. ఇరవై గింజలను తడి టిష్యూ కాగితంపై పరిచి, నీడలో వెలుతురు తగిలేలా 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంచితే మంచి విత్తనం వారం లోపే మొలుస్తుంది. వేడి 30 డిగ్రీలు దాటితే మంచి గింజ కూడా నిద్రావస్థలోకి పోతుంది గనుక ఏసీ గదిలో చేయండి. అప్పుడు "మీ వేడి వల్లే" అనే సాకుకు తావుండదు. ప్యాకెట్ విప్పడం మొదలు మొలక వరకు తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. ప్యాకెట్‌ను, బిల్లును పారేయకండి.

మోసమని తేలితే ముందుగా విత్తనం కొన్న ఆన్‌లైన్ వేదిక ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా తెలపండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెల లోపు పరిష్కరించాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. దిగుమతి విత్తనమని చెప్పేవారిని మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడగండి, ఎందుకంటే పంటకు తెగులు తెచ్చే లెట్యూస్ మొజాయిక్ వైరస్ విత్తనం ద్వారా కూడా వ్యాపిస్తుంది. నేను అడిగిన అమ్మకందారు దానికి సమాధానమే ఇవ్వలేదు. ఈ శీతాకాలానికి కొనేవారు సెప్టెంబరులోనే తెప్పించుకుంటే, పరీక్షలో విత్తనం నిలవకపోయినా మరోచోట కొని అక్టోబరు నారుకు అందుకునే వ్యవధి ఉంటుంది.