విజ్‌ట్రీ: సి డ్రైవ్‌లో చోటు ఎక్కడికి పోతోందో పట్టించే పనిముట్టు

రీసైకిల్ బిన్ ఖాళీ చేశాక, డిస్క్ క్లీనప్ నడిపాక కూడా వారం తిరక్కుండా సి డ్రైవ్ మళ్లీ ఎర్రబడుతుంటే, ఏదో ఫైలు వెనకాల పెరుగుతూనే ఉందన్నమాట. దాన్ని పట్టుకోవడానికి ఇన్నాళ్లుగా విజ్‌ట్రీనే వాడుతున్నాను. కారణం ఒక్కటే, వేగం. ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటిగా తిరగకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫార్మాట్) డిస్క్‌లోని మాస్టర్ ఫైల్ టేబుల్‌ను, అంటే ఫైళ్లన్నిటి జాబితాను, నేరుగా చదివేస్తుంది. ఇదే పని చేసే పాత విన్‌డర్‌స్టాట్ నిమిషాలు తీసుకునే హార్డ్ డిస్క్ దీనికి సెకన్ల పని.

ఈ వేగం విలువ రెండోసారి స్కాన్ చేసినప్పుడు తెలుస్తుంది. ఒక్క స్కాన్ ఏది పెద్దదో చెబుతుంది, ఏది పెరుగుతోందో చెప్పదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి స్కాన్ చేసి సీఎస్‌వీగా ఎగుమతి చేసి, ఎక్సెల్‌లో పక్కపక్కన పెడితే దొంగ దొరుకుతాడు.

పాత విండోస్ 7 మిషన్లలో ఎక్కువగా దొరికే దొంగ ఒకటుంది. విండోస్ ఫోల్డర్‌లోని టెంప్‌లో 'క్యాబ్_' అని మొదలయ్యే ఫైళ్లు, ఒక్కోటి దాదాపు 100 ఎంబీ, గుట్టలుగా కనిపిస్తాయి. చెరిపేస్తే మళ్లీ పుడతాయి. అసలు తంటా అక్కడ లేదు, విండోస్‌లోనే లాగ్స్ కింద సీబీఎస్ ఫోల్డర్‌లో ఉంది. అక్కడి అప్‌డేట్ల లాగ్ (జరిగిన పనుల నమోదు ఫైలు) పెరిగాక విండోస్ దానికి 'సీబీఎస్‌పర్సిస్ట్' అని పేరు మార్చి, మేక్‌క్యాబ్ అనే తన సొంత ప్రోగ్రామ్‌తో కుదించాలి. ఆ లాగ్ 2 జీబీ దాటిందో, మేక్‌క్యాబ్ మోయలేదు. సగం పనిలో చేతులెత్తేసి, తాత్కాలిక ఫైలును టెంప్‌లోనే వదిలేస్తుంది. కాసేపటికి మళ్లీ మొదలు, మళ్లీ ఇంకో ఫైలు. అందుకే టెంప్ ఒక్కటే ఊడ్చి లాభం లేదు. ముందు సర్వీసెస్‌లో విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్‌ను ఆపాలి, ఆ పెద్ద సీబీఎస్‌పర్సిస్ట్ లాగ్‌ను తీసేయాలి, తర్వాతే క్యాబ్ ఫైళ్ల జోలికి వెళ్లాలి. పోయేది పాత లాగ్ చరిత్రే. పెద్ద ఫైళ్లను వరసగా చూపే ఫైల్ వ్యూ ట్యాబ్‌లో ఈ లాగ్ పైనే కనబడుతుంది గానీ, దానికీ టెంప్‌లో గుట్టకీ ఉన్న సంబంధం విజ్‌ట్రీ చెప్పదు. అది మనమే కలుపుకోవాలి.

వేగం గురించి పైన అన్నది అన్నిచోట్లా నిజం కాదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకపోతే ఫోల్డర్లన్నీ తిరిగే మామూలు పద్ధతికి దిగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ కాని ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్, నెట్‌వర్క్ ఫోల్డర్ అయినా అంతే. కొత్తవాళ్లు సైజ్ నిలువు వరస చూసి కంగారు పడతారు. వన్‌డ్రైవ్‌లో క్లౌడ్‌కే పరిమితమైన ఫైళ్లు అక్కడ జీబీల్లో కనిపిస్తాయి, డిస్క్‌లో మాత్రం దాదాపు ఏమీ ఉండవు. చూడాల్సింది డిస్క్‌లో నిజంగా పట్టిన చోటు చూపే అలొకేటెడ్ వరస. విండోస్ తన భాగాలను దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ విషయంలో ఏ పనిముట్టు అంకెనూ నేను పూర్తిగా నమ్మను, అక్కడ హార్డ్ లింకులు (ఒకే ఫైలు వేర్వేరు చోట్ల కనబడేలా పెట్టిన పేర్లు) ఎక్కువ. విండోస్ కమాండ్ డిజమ్‌లోని అనలైజ్ కాంపొనెంట్ స్టోర్ ఇచ్చేదే అసలు లెక్క.

కనబడిందల్లా చెరపొద్దు. హైబర్నేట్ కోసం విండోస్ ఉంచుకునే హైబర్‌ఫిల్ ఫైలు పెద్దగా ఉంటే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్' చాలు, కాకపోతే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. రీస్టోర్ పాయింట్లుండే సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్ ఉబ్బితే సిస్టమ్ ప్రొటెక్షన్‌లో పరిమితి తగ్గించాలి. విండోస్ కిందున్న ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌ను మాత్రం ముట్టుకోవద్దు. అందులోని ఫైళ్లు పోతే ప్రోగ్రాములు అప్‌డేట్ కావు, తీసేద్దామన్నా కదలవు.

ఇంట్లో ఒక ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్, సొంత వాడకం అయితే నా ఓటు దీనికే, ఉచితం కూడా. ఆఫీసు మిషన్లకు లైసెన్సు కొనాలి. ఆఫీసులో అయినా, ఎక్కువగా నెట్‌వర్క్ డిస్క్‌లతోనే పని ఉన్నా, ఓపెన్ సోర్స్ విన్‌డర్‌స్టాట్ కొత్త 2 వెర్షన్‌ను ముందు చూడండి.