వైబస్ మ్యాట్రిక్స్‌కు ఏది మేలు: ఆక్టేవా, నమ్‌పైనా?

ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, అనంతపురం, కర్నూలు, కడప కాలేజీల ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) విద్యార్థులు ఇదే అడుగుతుంటారు: వైబస్ (కరెంటు నెట్‌వర్క్‌లో బస్సుల, అంటే లైన్లు కలిసే జంక్షన్ల, అడ్మిటెన్సులు రాసే మ్యాట్రిక్స్) కట్టి లోడ్‌ఫ్లో (ఏ లైన్లో ఎంత పవర్ పోతుందో తేల్చే లెక్క) నడపాలి, మాట్‌ల్యాబ్ లాంటి ఆక్టేవ్‌లో రాయాలా, పైథాన్‌లో నమ్‌పై లైబ్రరీ పట్టుకోవాలా? రెండూ ఉచితమే. వేగం చూసి తేల్చలేం, ఎందుకంటే లోపల రెండూ ఆధారపడేది బ్లాస్, లాపాక్ అనే మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీల మీదే. మెమరీలోనూ తేడా లేదు: డబుల్ ప్రెసిషన్ కాంప్లెక్స్ సంఖ్యకు 16 బైట్లు, 1000×1000 మ్యాట్రిక్స్‌కు 16 ఎంబీ. నా లెక్కలో అసలు తేడా ట్రాన్స్‌పోజ్ (అడ్డవరుసలను నిలువు వరుసలు చేయడం) దగ్గర ఉంది.

ఆక్టేవ్‌లో పేరు పక్కన సింగిల్ కోట్ (') పెడితే అడ్డాన్ని నిలువు చేయడంతో ఆగదు, ప్రతి సంఖ్యకూ కాంజుగేట్ కూడా తీస్తుంది, అంటే ఇమాజినరీ భాగం గుర్తు తిప్పేస్తుంది. ఉత్త ట్రాన్స్‌పోజ్ కావాలంటే కోట్ ముందు చుక్క (.') ఉండాలి. మాట్‌ల్యాబ్‌లోనూ ఇంతే. నమ్‌పైలో 'డాట్ టీ' ఉత్త ట్రాన్స్‌పోజే చేస్తుంది, కాంజుగేట్ కావాలంటే 'కాంజ్' అని విడిగా పిలవాలి.

చుక్క మరిచిపోతే ఏమవుతుందో రెండు బస్సులతో చూడండి. మొదటిది ఆర్‌టీపీపీ (రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్ట్), రెండోది అనంతపురం అనుకుందాం (లైన్ విలువలు ఉదాహరణకే). లైన్ ఇంపెడెన్స్ 0.02+0.08జె పెర్ యూనిట్, వోల్టేజీలు 1, 0.97−0.05జె. ఆర్‌టీపీపీ నుంచి బయల్దేరే పవర్ 0.676+0.206జె వస్తుంది. వోల్టేజీలను అడ్డవరుసలో రాసుకుని, వైబస్‌తో గుణించడానికి నిలువు చేద్దామని ఒట్టి కోట్ పెట్టారనుకోండి. రెండో వోల్టేజీ 0.97+0.05జె అయిపోతుంది, పవర్ −0.5+0.5జె అని వస్తుంది. 100 ఎంవీఏ బేస్ మీద 67.6 మెగావాట్లు పంపాల్సిన స్టేషన్ 50 మెగావాట్లు లాగుతున్నట్టు చూపిస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు. లైన్ లాస్ చూసి పట్టుకుందామన్నా కుదరదు: రెండు సందర్భాల్లోనూ కరెంట్ వర్గం 0.5, లాస్ 0.01. కోణాల గుర్తు తిరగబడినా రెండు వోల్టేజీల మధ్య తేడా పరిమాణం మారదు కాబట్టి లాస్ సరిగ్గానే కనిపిస్తుంది. అందుకే ఇది రిపోర్టు దాకా పోయే తప్పు.

నమ్‌పైలో ఈ తప్పుకు అవకాశమే తక్కువ. వోల్టేజీలను ఒకే డైమెన్షన్ ఉన్న అర్రేగా ఉంచి 'అట్' గుర్తు (@)తో వైబస్‌తో నేరుగా గుణించవచ్చు, నిలువు చేసే పనే లేదు. అలాంటి అర్రేకు 'డాట్ టీ' పెట్టినా ఏమీ మారదు.

అయితే నమ్‌పై గుంత ఇంకోచోట ఉంది. మొత్తం పవర్ కోసం వోల్టేజీలను కరెంట్లతో మామూలు 'డాట్'తో గుణిస్తే కాంజుగేట్ పడదు, వచ్చే సంఖ్యకు అర్థం ఉండదు. 'వీడాట్' వాడాలి, కరెంట్లు ముందు, వోల్టేజీలు తర్వాత ఇవ్వాలి, ఎందుకంటే అది మొదటిదానికే కాంజుగేట్ తీస్తుంది. ఆక్టేవ్‌లో కరెంట్ల నిలువు వరుసకు కోట్ పెట్టి వోల్టేజీలతో గుణిస్తే అదే జవాబు, ఇక్కడ ఒట్టి కోటే సరైనది. ఏ భాషలోనైనా 1, 1జె అన్న వెక్టర్‌ను దానితోనే గుణించి చూడండి. 2 వస్తే కాంజుగేట్ పడింది, 0 వస్తే పడలేదు.

నమ్‌పైలో ఇంకో జాగ్రత్త. 'జీరోస్'తో ఖాళీ వైబస్ తయారుచేస్తే అది రియల్ మ్యాట్రిక్స్. దాని వరుసలోకి కాంప్లెక్స్ అర్రేను నింపితే ఒక్క వార్నింగ్ ఇచ్చి ఇమాజినరీ భాగాన్ని పారేస్తుంది. మొదట్లోనే డీటైప్ (డేటా రకం) కాంప్లెక్స్ అని ఇవ్వండి. ఆక్టేవ్‌కు ఈ బాధ లేదు, మొదటి కాంప్లెక్స్ విలువ పడగానే మ్యాట్రిక్స్ తానే మారుతుంది. బదులుగా అక్కడ ఇమాజినరీ యూనిట్‌కు వాడే 'ఐ'తో చిక్కు. ఫర్ లూప్‌లో 'ఐ' అని బస్ నంబరు పెట్టుకున్నాక 0.08ను 'ఐ'తో గుణిస్తే బస్ నంబరుతో గుణించినట్టే. 0.08ఐ అని అంకెకు అంటించి రాస్తే ఏ గొడవా ఉండదు.

నమ్‌పైలో వైబస్ ఐగెన్ విలువలు తీసేటప్పుడు 'ఐగ్‌హెచ్' (హెర్మిషియన్ మ్యాట్రిక్స్‌ల కోసం ఉన్న ఫంక్షన్) జోలికి పోవద్దు. ఫేజ్ షిఫ్టర్లు లేని వైబస్ సిమెట్రిక్కే (ఉత్త ట్రాన్స్‌పోజ్ చేస్తే మారదు) కానీ హెర్మిషియన్ (కాంజుగేట్‌తో ట్రాన్స్‌పోజ్ చేసినా మారనిది) కాదు. 'ఐగ్‌హెచ్' అది పరీక్షించదు, మామూలుగా కింది త్రికోణాన్ని మాత్రమే చదివి తప్పు జవాబు ఇస్తుంది. ఆక్టేవ్ 'ఐగ్' తానే చూసుకుంటుంది.

ఇన్ని చూశాక, వైబస్ పనికి నేను నమ్‌పై వైపే మొగ్గుతాను. అక్కడ కాంజుగేట్ ఉన్నచోట 'కాంజ్' అనో 'వీడాట్' అనో కోడ్‌లో కనిపిస్తుంది, గైడ్ కోడ్ తిరగేసినా పట్టుకోగలరు. చుక్క ఉందో లేదో వెతకడం కష్టం. మీ పని అంతా హెర్మిషియన్ మ్యాట్రిక్స్‌లతోనే అయితే, ఉదాహరణకు యాంటెన్నా సిగ్నళ్ల కోవేరియన్స్ లాంటివి, ఆక్టేవ్ కోటే హాయి.

ఈ రెండూ కాక వేరే భాష వాడేవాళ్లకు ఒక మాట: జూలియాలోనూ కోట్ అంటే కాంజుగేట్‌తో కలిపే, ఉత్తదానికి 'ట్రాన్స్‌పోజ్' అని పూర్తి పేరు రాయాలి. సీ ప్లస్ ప్లస్‌లో ఐగెన్ లైబ్రరీ 'అడ్జాయింట్', 'ట్రాన్స్‌పోజ్' అని రెండు వేరు పేర్లు ఇస్తుంది. అందులో ఒక మ్యాట్రిక్స్ ట్రాన్స్‌పోజ్‌ను మళ్లీ దానిలోకే వేస్తే విలువలు చెడిపోతాయి, 'ట్రాన్స్‌పోజ్ ఇన్ ప్లేస్' వాడాలి.