జపాన్ ప్యాటర్న్ పుస్తకం, మంగళగిరి బట్ట, ఆ చెయ్యి

ముందే ఒక మాట. ఇక్కడ జాకెట్ అంటే చీర మీదకు కుట్టించుకునే జాకెట్టు కాదు. కుర్తా మీదో చొక్కా మీదో వేసుకునే, కాలరుండి లైనింగు లేని, నడుము కిందికి దిగే పైకోటు. బెంగళూరులో డిసెంబరు పొద్దులకీ, ఏడాది పొడవునా ఏసీ ఆఫీసుకీ పనికొచ్చేది. జపాన్ కుట్టు ప్యాటర్న్‌ల (కత్తిరింపు నమూనా కాగితాల) పుస్తకంలోని ఈ ఒక్క జాకెట్‌నే రెండేళ్లలో నాలుగుసార్లు కుట్టాక ఇది రాస్తున్నాను: ట్రయల్‌గా గాడా గుడ్డలో ఒకటి, మంగళగిరి నూలులో రెండు, ఉన్నిలో ఒకటి. ఇందులో చెయ్యి కూర్చునే తీరు చూశాక షాపుల్లో కొన్న జాకెట్లు వేసుకోబుద్ధి కాదు. అదే చెయ్యి మంగళగిరిలో ఏడిపించింది కూడా. కాబట్టి ఎక్కువ భాగం చెయ్యి గురించే.

మన కుట్టు షాపుల్లో చాలాచోట్ల చెయ్యి పై గుండ్రాన్ని చంక రౌండుకు సమానంగా గీస్తారు, మిగిలితే భుజం దగ్గర చిన్న ప్లీటు వేసి సర్దేస్తారు. ఈ ప్యాటర్న్‌లో M సైజు చంక రౌండు 46 సెం.మీ., చెయ్యి పై గుండ్రం 49 సెం.మీ. ఆ 3 సెం.మీ. తేడాను ప్లీటుగానో కుచ్చుగానో కనిపించనివ్వకూడదు, కుట్టులోనే ఇమిడిపోవాలి. జపాన్ వాళ్లు దీన్ని ఇసెకోమి అంటారు. భుజం ఎముక గుండ్రానికి చోటిచ్చేది ఆ మూడు సెంటీమీటర్లే. అవి సరిగ్గా ఇమిడితే భుజం మీద నుంచి చెయ్యి నున్నగా జారుతుంది, స్కూటీ హ్యాండిల్ పట్టుకున్నా వీపు దగ్గర లాగదు.

పద్ధతి ఇది. మెషిన్ కుట్టు పొడవును 4 మి.మీ.కు పెట్టి, 1 సెం.మీ. మార్జిన్ (కుట్టుకు అవతల వదిలే బట్ట) లోపలే రెండు వరసలు వేయాలి: బట్ట అంచు నుంచి ఒకటి 0.3, రెండోది 0.7 సెం.మీ. దూరంలో. ప్యాటర్న్‌లోని ముందు గుర్తు నుంచి వెనుక గుర్తు వరకే వేయాలి, చంక అడుగున వద్దు. బాబిన్ దారాలు రెండూ కలిపి మెల్లగా లాగి, వదులును, అంటే ఆ అదనపు 3 సెం.మీ.ను, ముందు వైపు కాస్త తక్కువగా, వెనుక వైపు ఎక్కువగా పంచుకోవాలి. తర్వాత తువ్వాలును గట్టిగా చుట్టి, దాని మీద చెయ్యి పైభాగాన్ని పరిచి, ఇస్త్రీపెట్టె మొనతో మార్జిన్ వరకే ఆవిరి పట్టాలి. ఆ తర్వాతే చంకకు కలిపి టాకాలు వేసుకోవాలి. మెషిన్ మీద కుట్టేటప్పుడు చెయ్యి కింద, ఒళ్లు పైన ఉంటే, బట్టను జరిపే మెషిన్ పళ్లు అదనపు బట్టను తామే లాక్కుంటాయి.

ఉన్నిలో ఇది అద్భుతంగా వచ్చింది. ఆవిరి తగలగానే ముడతలన్నీ కళ్లముందే కుదించుకుపోయి, బోర్లించిన చిప్పలా గుండ్రం తేలింది. గాడాలోనూ బాగానే వచ్చింది. అక్కడే మోసపోయాను. గాడా నేత వదులు. పోగుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి ఎక్కువైన బట్ట ఆ ఖాళీలోకి సర్దుకుంటుంది. మంగళగిరి బట్ట దట్టం. పడుగూ పేకా ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి, జరగడానికి చోటుండదు. ఉన్నిలా ఆవిరికి కుదించుకునే గుణం నూలుకు లేదు. కొలతలు చూసుకోవడానికి గాడా ట్రయల్ పనికొస్తుంది, చెయ్యి ఎలా కూర్చుంటుందో మాత్రం అది చెప్పదు. మొదటి మంగళగిరి జాకెట్‌కు చెయ్యి మూడుసార్లు విప్పి కుట్టినా భుజం పొడవునా సన్నటి ముడతలు, చీమల బారులా. విప్పిన ప్రతిసారీ పాత సూది రంధ్రాలు కూడా మిగిలాయి.

ముడతలన్నీ ఒకచోటే ఎక్కువగా ఉన్నాయని తర్వాత గమనించాను. భుజం కుట్టు చెయ్యిని కలిసే చోటుకు అటూ ఇటూ సెంటీమీటరు మేర. అక్కడ గుండ్రం దాదాపు చదును, అంచు పేక వెంటే సాగుతుంది, బట్ట ఏమాత్రం ఒదగదు. దాని కింద ఏటవాలుగా దిగే భాగంలో బట్ట క్రాసులో ఉంటుంది కనుక వదులును బాగానే మింగుతుంది. కాబట్టి నూలు బట్టకు రెండు మార్పులు తప్పవు. పైన ఆ రెండు సెంటీమీటర్లలో వదులు పెట్టకుండా మొత్తం ఏటవాలు భాగాలకే పంచాలి. ఇక అసలు వదులే తగ్గించాలి. చెయ్యి కాగితాన్ని గుండ్రం మధ్య ఎత్తులో అడ్డంగా కత్తిరించి, పై ముక్కను కింది ముక్క మీదకు 0.6 సెం.మీ. జరిపి అతికించి, పక్కల గీతను మళ్లీ నున్నగా కలపాలి. చుట్టుకొలత దాదాపు 1 సెం.మీ. తగ్గుతుంది. గీత కలిపాక టేపును నిలువుగా నిలబెట్టి గుండ్రం వెంట కొలిచి చూసుకోండి, చంక రౌండు కంటే 1.5 నుంచి 2 సెం.మీ. ఎక్కువుంటే చాలు. రెండో మంగళగిరి జాకెట్ ఇలాగే కుట్టాను, ముడత లేదు. ఉన్ని జాకెట్ భుజానికున్న నిండుతనం మాత్రం రాలేదు. చెయ్యి పైకెత్తడం సులువైంది, దించితే చంక దగ్గర ఒక మడత పడుతుంది.

భాష రాకపోయినా బొమ్మలు చూసి కుట్టేయవచ్చు అని ఈ పుస్తకాల గురించి అందరూ అంటారు, నేనూ చాలామందికి అదే చెప్పాను. చాలామటుకు నిజమే. ప్రతి అడుగుకూ అంకె, ప్రతి మడతకూ గీత ఉంటాయి, బట్ట మంచి వైపునూ లోపలి వైపునూ వేరే రంగుల్లో చూపిస్తారు. కానీ పైన చెప్పిన వదులు గురించి ఈ పుస్తకంలో ఉన్నది ఒక చుక్కల గీత మాత్రమే. ఏ బట్టకు ఎంత అన్నది బొమ్మలో లేదు. నాలుగైదు మాటలైనా గుర్తుపట్టడం నేర్చుకోవాలి: మాఎ ముందు భాగం, ఉషిరో వెనుక భాగం, సొదె చెయ్యి, ఎరి కాలరు, మికాఎషి లోపలి పట్టీ. ‘వా’ అని ఒకే అక్షరం కనిపిస్తే అక్కడ బట్ట మడత. మాటకు అసలు అర్థం వలయం కాబట్టి యాప్ అనువాదం అయోమయంగా ఉంటుంది. ఆ గీత మీద కత్తెర పెడితే వీపు రెండు ముక్కలవుతుంది.

పుస్తకంతో వచ్చే ప్యాటర్న్ షీటు మీద మార్జిన్ ఉండదు. ఒకే కాగితం మీద రెండు వైపులా పలు డిజైన్ల గీతలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, బటర్ పేపరు పెట్టి మన గీతను వెతికి దింపుకోవాలి. జాకెట్ మొత్తానికి ఒక పూట. మార్జిన్ ఎంతో కత్తిరింపు పటంలో ఉంటుంది: అంకె లేని చోటల్లా 1 సెం.మీ., అడుగు అంచుకు 3 లేక 4. తప్పు జరిగేది ముంజేతి మూల దగ్గర. చెయ్యి కిందికి పోనుపోను సన్నబడుతుంది కాబట్టి పక్క గీతను అలాగే కిందికి పొడిగిస్తే మడతకు బట్ట చాలదు, తిప్పి కుట్టేటప్పుడు పట్టేస్తుంది. కాగితాన్ని అంచు గీత దగ్గర మడిచి, మడిచినట్టే పక్క గీత వెంట కత్తిరించి విప్పండి. మార్జిన్ మూల బయటికి విచ్చుకుంటుంది. అలాగే రావాలి.

సైజుల సంగతి. జపాన్ ప్రమాణాల్లో 9 నంబరు అంటే చాతీ 83 సెం.మీ., ఎత్తు 158. నా పుస్తకంలో L కూడా చాతీ 90 దాటదు. జాకెట్ వదులుగానే ఉంటుంది, అందువల్ల ఒళ్లు పట్టవచ్చు గానీ దండచెయ్యి దగ్గర బిగుస్తుంది. చేతిలో ముందుగా దండ చుట్టుకొలతే చూసుకోండి, మన కొలత మీద కనీసం 5 సెం.మీ. ఉండాలి.

బట్ట లెక్క 110 సెం.మీ. పన్నాకు ఇచ్చారు. మంగళగిరి 44 అంగుళాలు అంటే కాగితం మీద సరిపోయినట్టే, తడిపి ఆరేశాక కుదించుకుంటుంది, అంచు కూడా వాడలేం. పుస్తకం 2.5 మీటర్లంటే 3 తీసుకోండి. కాలరుకూ పట్టీకీ లోపల ఇస్త్రీతో అతికించే పేస్టింగ్ కాన్వాస్ కూడా కావాలి. బెంగళూరు చిక్‌పేటలో దొరికేవాటిల్లో షర్టు కాలరు రకం దీనికి మరీ బిరుసు, పల్చటి నేత రకం అడగండి. దాన్ని అతికించేముందు బట్టను రెండుసార్లు తడపాల్సింది. ఒక్కసారే తడిపిన మొదటి మంగళగిరి జాకెట్‌కు పదో ఉతుకు నాటికి ముందు పట్టీ మీద బుడగలు లేచాయి, ఇస్త్రీకి కూడా లొంగట్లేదు.

ఓవర్‌లాక్ మెషిన్, ఆవిరి ఇస్త్రీపెట్టె రెండూ ఉండి, చాతీ 90 లోపుంటే ఇలాంటి పుస్తకం కొనొచ్చు. నాకు రెండూ ఉన్నాయి, ట్రేసింగుకు ఆదివారాలూ ఉన్నాయి. నూలే కుట్టాలనుకునేవాళ్లు కాస్త వదులు నేత ఖాదీతో మొదలుపెట్టండి. ఐదోది నేనూ ఖాదీలోనే కుడుతున్నాను, చెయ్యి వదులు 2 సెం.మీ.కు తగ్గించి.