లా ఫస్టియర్ వాళ్లూ, ఆ ‘అన్నీ ఒకే ప్యాక్’ నోట్స్ కొనకండి

లాలో ఈ ఏడాదే చేరినవాళ్లు గైడ్లు, నోట్స్ కొనేముందు ఇది ఒకసారి చదవండి. కాంట్రాక్ట్స్ నుంచి క్రిమినల్ లా దాకా ఫస్టియర్ సబ్జెక్టులన్నీ కలిపి, టాపర్ రాసిన నోట్స్ అంటూ ఆన్‌లైన్‌లో ఒక ప్యాక్ కనబడితే, కేసులు చదివి చదివి బుర్ర తిరుగుతున్న టైంలో ముందూవెనకా చూడకుండా కొనేశాను. శాంపిల్ పేజీలు రంగురంగుల హెడింగులతో ముచ్చటగా ఉన్నాయి. అక్కడే పడిపోయాను.

బండారం టార్ట్స్ (కాంట్రాక్ట్ లేకపోయినా ఒకరి వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి దావా వేసే చట్టం) క్లాసులో బయటపడింది. డోనహ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్, 1932, అదేనండీ నత్త కేసు. నా నోట్స్‌లో ఉన్నది: ‘ఆమె జింజర్ బీర్ కొనుక్కుని తాగింది, సీసాలో నత్త ఉందని రుజువైంది, గెలిచింది’. సార్ అడగ్గానే ధీమాగా అదే అప్పజెప్పాను. ‘సీసా ఎవరు కొన్నారమ్మా?’ అన్నారాయన. ‘ఆవిడే సార్’ అన్నాను. క్లాసంతా నవ్వింది.

కొన్నది దావా వేసిన డోనహ్యూ ఫ్రెండ్. కేసంతా అక్కడే ఉంది! తను కొనలేదు కాబట్టి అమ్మినవాడితో కాంట్రాక్ట్ లేదు, అందుకే తయారుచేసిన స్టీవెన్‌సన్‌కి ఆమె పట్ల బాధ్యత ఉంటుందా అన్న ప్రశ్న అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి, జడ్జిల 3-2 తేడాతో గట్టెక్కింది. నత్త సంగతి అసలు రుజువే కాలేదు, ఆమె చెప్పింది నిజమైతే దావా నిలుస్తుందని మాత్రమే తేల్చారు, తర్వాత రాజీ అయిపోయింది.

కాంట్రాక్ట్స్ కూడా అంతే. ఒక పేజీలో ‘ప్రకటన ఆఫర్ (అవతలివాళ్లు ఒప్పుకుంటే కాంట్రాక్ట్ అయిపోయే ప్రతిపాదన) కాదు’ అని పెద్దక్షరాల్లో, తర్వాతి పేజీలో కార్లిల్ అనే ఆవిడ ఓ మందు కంపెనీ మీద వేసిన కేసులో ప్రకటనే ఆఫర్ అని. తేడా ఎందుకొచ్చిందో ఒక్క ముక్క లేదు. మందు వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లిస్తామని, ఉత్తమాట కాదని చూపడానికి బ్యాంకులో 1,000 పౌండ్లు వేశామని ఆ ప్రకటనలోనే ఉంది కదా! పరీక్షలో ఏదో కొత్త కథ ఇచ్చి తేల్చమంటారు, ఎవరు గెలిచారో ఒక్కటే గుర్తుంటే ఏం రాస్తాం?

గైడ్లన్నీ వేస్ట్ అనట్లేదు. కేసు చదివాక సరిచూసుకోవడానికి మంచి సమ్మరీ, జవాబులతో సహా ఉన్న ప్రాబ్లమ్స్ పుస్తకం బాగా పనికొస్తాయి, నిర్వచనాలకు ఫ్లాష్ కార్డులు ఓకే. కాకపోతే డబ్బు కట్టేముందు, మీరు స్వయంగా తీర్పు చదివిన కేసు ఏదైనా ఒకటి అందులో ఎలా రాశారో చూపించమనండి. చూపించకపోతే వదిలేయండి. ఏ ఏడాది ఎడిషనో, మీ సిలబస్‌లో ఉన్న కేసులు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి, నా ప్యాక్‌లో అయితే సంవత్సరమే వెయ్యలేదు.

రీఫండ్ అడిగితే ఫైలు డౌన్‌లోడ్ చేశారు కాబట్టి కుదరదన్నారు. తప్పులన్నీ పేజీ నంబర్లతో పంపితే బ్లాక్ చేశారు. ఇప్పుడు అదే సరుకు కొత్త పేరుతో, కొత్త కవర్‌తో అమ్ముతున్నారు. గుర్తుపట్టడం తేలికే, టార్ట్స్ మొదటి పేజీలో పచ్చరంగు నత్త బొమ్మ ఉంటుంది, దాన్ని మాత్రం మార్చలేదు.