వేలిముద్ర పడని పెద్దలకు జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్

పెన్షనర్లు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి బ్యాంకు క్యూ తప్పించే యాప్ ఇది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముఖం స్కాన్ చేసే ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు రెండూ వేసుకోవాలి. మొదట ఆపరేటర్‌గా, అంటే యాప్ నడిపే మనిషిగా నమోదు కావాలి. పెన్షనరే ఆపరేటర్ కావచ్చు. అరిగిన వేళ్లతో పనిలేదు, కెమెరా చూసి కనురెప్ప ఆడిస్తే చాలు. వెనక కిటికీ ఉంటే మాత్రం ముఖం చీకటిగా పడి, స్కాన్ మళ్లీ మళ్లీ తిప్పికొడుతుంది. వెలుగు ఎదుటినుంచి రావాలి, కళ్లద్దాలు తీసేయాలి. ఒంటరిగా కుస్తీ పట్టేకన్నా, ఇందిరా పార్కు నడక జట్టులో ఒకరు ఫోన్ పట్టుకుంటే ఇంకొకరిది చిటికెలో అయిపోతుంది.

అసలు చిక్కు పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు దగ్గర. అంకె తప్పినా ప్రమాణ్ ఐడీ (సర్టిఫికెట్ నంబరు) వచ్చేయొచ్చు, తిరస్కరణ తర్వాత వస్తుంది. ఎస్సెమ్మెస్‌తో సరిపెట్టుకోకుండా స్టేటస్ చూడండి. ఈపీఎస్-95 (పీఎఫ్ సంస్థ ఇచ్చే ఉద్యోగుల పెన్షన్) వాళ్లకు కేంద్ర పెన్షనర్లలా నవంబరు హడావుడి అక్కర్లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. 80 ఏళ్లు నిండిన కేంద్ర పెన్షనర్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు.