యూవెర్షన్ బైబిల్ యాప్: పడి లేచేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

ఈ యాప్ గురించి పరిచయం పెద్దగా అక్కర్లేదు. 2008 జులైలో ఐఫోన్ యాప్ స్టోర్ మొదలైనప్పటి నుంచే ఉంది. అమెరికాలోని లైఫ్.చర్చ్ దీన్ని ఉచితంగా ఇస్తోంది, ప్రకటనలు లేవు. తెలుగులో బైబిల్ సొసైటీ వారి పాత అనువాదమూ ఉంది, వ్యావహారికంలో ఉన్న ఐఆర్‌వీ (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) కూడా ఉంది. ఇక్కడ చూస్తున్నది ఒక్కటే. అదే కోపం, అదే సీసా, అదే వీడియో... ఆదివారం ఒప్పుకుని బుధవారానికి మళ్లీ అక్కడే పడే విశ్వాసి దేవుని మీద ఆనుకోవడానికి ఇది సాయపడుతుందా?

పడుతుంది, స్ట్రీక్‌ని నమ్ముకోకపోతే. వరుసగా ఎన్ని రోజులు యాప్ వాడారో అది లెక్కపెడుతుంది, ఒక రోజు తప్పితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. చదివే అలవాటు లేనివారికి ఇది మంచి ఊతమే. కానీ రాత్రి పడిపోయినవాడికి పొద్దున్నే ఆ అంకె తీర్పులాగా కనిపిస్తుంది. నలభై రోజులు నిలబడితే "ఫర్వాలేదు, నేను గెలుస్తున్నా" అనిపిస్తుంది, తెగిపోతే వారం పాటు యాప్ తెరవబుద్ధి కాదు. రెండు చోట్లా కృపకు చోటు లేదు. ఏ రోజూ తప్పకుండా తెరిచినవాడికే కృపాసనం (కనికరం కోసం చేరే దేవుని సింహాసనం) అని హెబ్రీ 4:16 చెప్పలేదు కదా. రోజుకింత చొప్పున చదివించే ప్లాన్‌లో వెనకబడితే మాత్రం తేదీలను ఈరోజుకు జరిపే క్యాచ్ అప్ ఉంది. మొత్తం వదిలేసే బదులు అది నొక్కండి.

అసలు ఉపయోగం బుక్‌మార్కుల్లో ఉంది. వచనం మీద నొక్కి బుక్‌మార్క్ చేసేటప్పుడు లేబుల్ రాయవచ్చు. ఒక్క బలహీనతకు మూడు లేబుళ్లు చాలు: "ముందు", "పడ్డాక", "మర్నాడు". "ముందు"లో 1 కొరింథీ 10:13, "పడ్డాక"లో 1 యోహాను 1:8-10, "మర్నాడు"లో విలాపవాక్యములు 3:22-23. ఒక్కోదానికి రెండు మూడు వచనాలకు మించి పెట్టకండి. ఇరవై పెడితే పాపం లాగే శోధన వేళ వెతుక్కోవడంతోనే సరిపోతుంది. పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది కాబట్టి "ఒప్పుకుంటే" అని వెతికితే "ఒప్పుకొనినయెడల" దొరుకుతుందన్న నమ్మకం లేదు. రిఫరెన్సు తెలిస్తే నేరుగా అక్కడికే వెళ్లండి.

యాప్ ఒకసారికి ఒక్క అధ్యాయమే చూపిస్తుంది. దీనివల్ల చాలామంది రోమా 7 దగ్గరే ఆగిపోతారు. "నేను చేయగోరు మేలుచేయక" అని చదివి, "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను" వరకు వచ్చి, ఏడ్చి మూసేస్తారు. పక్కకు జరిపితే 8:1లో "ఏ శిక్షావిధియు లేదు" అని ఉంది. పౌలు రాసినప్పుడు మధ్యలో అధ్యాయం గీత లేదు. 7:15 నుంచి 8:4 దాకా ఒకే ఊపులో చదవాలి.

యాప్ రోజుకొకటి పంపే దినవచనం కూడా ఇలాంటి పనే చేస్తుంది. డిసెంబరు 31 రాత్రి తీసుకునే వాగ్దాన కార్డులాగే ముందూ వెనకా లేకుండా వస్తుంది. 2 కొరింథీ 12:9 ఒక్కటే చదివితే "నా కృప నీకు చాలును" అన్న ఓదార్పు దక్కుతుంది. పై వచనంలో పౌలు ముమ్మారు వేడుకున్నా, తన శరీరంలో ముల్లు అని అతడు పిలిచిన బాధ పోలేదన్నది కనిపించదు. ఆ ముల్లు పాపమని పౌలు ఎక్కడా అనలేదు కూడా. అలవాటైన పాపానికి "నా ముల్లు" అని పేరు పెట్టుకోబోయేవారు ముందు, కృప ఉంది కదా అని పాపంలోనే ఉండిపోకూడదనే రోమా 6:1-2 తెరవాలి. ఈ నోటిఫికేషన్ టైమ్ మార్చుకోవచ్చు. తెల్లవారి ఆరింటికి కాకుండా, పడే వేళకు అరగంట ముందు పెట్టుకోండి. రాత్రి పదకొండుకు పడేవారికి పదిన్నర.

నోట్స్‌లో ఒప్పుకోలు రాసేముందు ఎవరికి కనిపిస్తుందో చూసుకుని ప్రైవేట్ అని పెట్టండి. ప్రార్థన అంశాన్ని ఎంచుకున్న స్నేహితులతో పంచుకునే వీలుంది. యాకోబు 5:16 ప్రకారం నోరు విప్పడానికి అది దారే, కానీ నమ్మకస్థుడైన ఒక్కరికి చాలు. అది కూడా మొదటి మాట ఫోన్లో చెప్పి, తర్వాత యాప్‌లో. పదిమందికి పంపిన "ప్రత్యేక ప్రార్థన అవసరం" అన్న మూడు ముక్కలు ఒప్పుకోలు కిందికి రావు. వచనాన్ని బొమ్మ మీద అచ్చేసి స్టేటస్‌లో పెట్టే సదుపాయం గురించి చెప్పేదేమీ లేదు.

రెండు చోట్ల ఇది పనికిరాదు. మద్యం రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. వారికి ప్రార్థనతో పాటు డాక్టరు కావాలి, ప్లాన్ కాదు. రెండోది, బలహీనత ఫోన్లోనే ఉన్నవారు. ఆయుధమూ ఉచ్చూ ఒకే తెర మీద ఉంటే బొటనవేలు ఎటు పోతుందో తెలిసిందే. అలాంటివారు రాత్రికి ఛార్జర్ హాల్లో పెట్టి, పడకగదిలో అచ్చు బైబిల్ ఉంచుకోవాలి. పైన చెప్పిన మూడు చోట్లా రిబ్బన్ బదులు మూడు కాగితం ముక్కలు.

ఐదుకు మూడున్నర. స్ట్రీక్ లేకుంటే నాలుగు ఇచ్చేవాళ్లం.