బెంగళూరు హొరమావులో మా రేకుల కప్పు: షింగిల్స్ పీకించి ఏం బాగుపడ్డాం

ముందు డబ్బు సంగతి. చదరపు అడుగుకు 190 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. పాత షింగిల్స్ పీకడం, ఇనుప ఫ్రేముకు అదనంగా పైపులు వెల్డింగ్ చేయడం, అర మిల్లీమీటరు రంగు రేకులు, కింద గ్లాస్‌వూల్ (వేడీ చప్పుడూ తగ్గించే గాజునార పరుపు), అంచులకు ఫ్లాషింగ్ (నీళ్లు దిగకుండా మడిచి వేసే రేకు పట్టీ), వాననీళ్లు పారే గట్టరు అన్నీ అందులోనే. పీకిన చెత్త తీసుకుపోవడం మాత్రం లేదు. ఆ గొడవ తర్వాత చెబుతా.

మా మేడ మీద రెండు గదులకు వాలుకప్పు. 2011లో ఇల్లు కట్టిన బిల్డరు ఇనుప ఫ్రేము మీద ప్లైవుడ్ పరిచి, దాని మీద షింగిల్స్ కొట్టించాడు. షింగిల్ అంటే మరేం లేదు, గాజునార చాపకు తారు పట్టించి పైన రాతిపలుకులు అద్దిన ముక్క. కొత్తలో ముచ్చటగానే ఉండేది, ఫొటోల్లో ఇల్లు విదేశాల్లో ఉన్నట్టు కనిపించేది. నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి ఉత్తరం వైపంతా నల్లగా పాచి కట్టింది. రాతిపలుకులు రాలి గట్టర్లో కాఫీ పొడిలా పేరుకునేవి. పలుకులు పోయిన చోట తారు ఎండకు బిగుసుకుని అంచులు పైకి లేచాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలితో వచ్చే వానకు ఒక్కో ముక్క ఎగిరి పక్కింటి వాళ్ల తులసికోట దగ్గర పడేది. ఆ రంగు ముక్కలు ఇప్పుడు దొరకవు. చివరికి పైకెక్కిన మనిషి కాలు పెడితే ప్లైవుడ్ మెత్తగా కుంగింది. ఇంక అతుకులు వేసి లాభం లేదనిపించింది.

పిలిచిన వాళ్లలో ఒకాయన, షింగిల్స్ పీకకుండానే పైన రేకులు బిగించేస్తా, ఖర్చు తగ్గుతుంది అన్నాడు. కింద కుళ్లిన చెక్క, దాంట్లో తడి, పైన ఇనుము. ఆ సలహా ఇచ్చినాయన ఇంట్లో అలా వేసుకుంటాడా అని నాకు అనుమానం. ఇంకొకాయన మంగళూరు పెంకులు వేద్దామన్నాడు. చూడ్డానికి వాటంత అందం దేనికీ లేదు కానీ, ఒక్కో పెంకు రెండున్నర కిలోల పైమాటే, చదరపు మీటరుకు పదిహేను దాకా పడతాయి. షింగిల్స్ కోసం కట్టిన సన్నటి ఫ్రేము ఆ బరువు మోయదు. రేకు చదరపు మీటరుకు ఐదు కిలోలు కూడా తూగదు. అక్కడితో తేలిపోయింది.

హిందూపురంలో మా అత్తగారు మాత్రం, "అంత డబ్బు పోసి బెంగళూరులో ఇల్లు కట్టుకుని రేకులేసుకుంటారేమే, పశువుల కొట్టానికి మల్లే" అని బాధపడింది. ఆవిడ ఎరిగిన రేకులు వేరు. ఇప్పటి రేకు మీద పూత 55 శాతం అల్యూమినియం, 43 శాతం పైచిలుకు జింకు, రవ్వంత సిలికాన్. దాని పైన ప్రైమరు, ఆపైన ఫ్యాక్టరీలోనే కాల్చిన రంగు. పెంకుల మాదిరి మడతలతో కూడా వస్తాయి. మేం అవే తీసుకున్నాం.

పని చేసినతను చింతామణి వైపు మనిషి, రామమూర్తినగర్‌లో చిన్న వర్క్‌షాపు. నేను అతన్ని ఎంచుకోవడానికి కారణం జేబులోంచి తీసిన స్క్రూగేజి, అంటే మందం కొలిచే పరికరం. రెండు నమూనా రేకులు బల్ల మీద పెట్టాడు, రెండూ 'అర మిల్లీ' అని అమ్మేవే. మొదటిదాన్ని పట్టి చూపిస్తే 0.50. రెండోది 0.43. "అక్కా, ఇది కొనేటప్పుడు రంగూ పూతా కలిపి అరనా, ఒట్టి ఇనుమే అరనా అని అడగండి. ఈ రెండోదాంట్లో ఏది కలిపినా అర కాదు" అన్నాడు. నిజానికి మొదటి రేకులోనూ పూత, రంగు తీసేస్తే ఇనుము 0.42 దగ్గరే ఉంటుంది, అది మోసం కాదు, లెక్క అలాగే కడతారు. రేకు వెనక వైపు కంపెనీ పేరు, మందం, పూత బరువు అచ్చేసి ఉంటాయి. మాది ఏజెడ్ 150, అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 150 గ్రాముల పూత. ఏ అచ్చూ లేని రేకు చవగ్గా ఇస్తామంటే దండం పెట్టి వచ్చేయండి.

అసలు విషయం, కప్పు కారడానికీ కారకపోవడానికీ రేకుతో పెద్ద పనిలేదు. అంతా స్క్రూలు, ఫ్లాషింగుల దగ్గరే. స్క్రూ కింద ఉండే నల్లటి ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) వాషరు రేకు మీద ఒత్తుకుని అంచు కొంచెం బయటికి కనపడాలి. మరీ బిగిస్తే నలిగి చీలుతుంది, వదులైతే నీళ్లు దిగుతాయి. ఇతను ఒక వరస అయ్యాక వేలితో తడిమి చూసుకుంటూ వెళ్లాడు. స్క్రూ ఎక్కడా పల్లంలో వేయనివ్వలేదు, అన్నీ గట్టు మీదే. ఒక కుర్రాడు రేకు కోయడానికి గ్రైండరు అందుకోబోతే కేకేశాడు: "రేయ్, నిప్పురవ్వలు పడితే రంగు కాలుతుందిరా, అంచంతా తుప్పు తింటాది. కత్తెర తీసుకో." సాయంత్రం దిగే ముందు స్క్రూల చుట్టూ రాలిన ఇనుప రజను చీపురుతో ఊడిపించాడు. అది అలాగే వదిలేస్తే ఒక్క వానకే గోధుమరంగు మరకలు తేలతాయి. సోలార్ వాటర్ హీటరు రాగి పైపు చుక్కలు రేకు మీద పడకూడదని, హీటరును చదును డాబా వైపు జరిపించాడు. రాగి మీంచి జారిన నీళ్లు ఈ పూతను తినేస్తాయి.

ఇక వాన చప్పుడు. దీని గురించి అబద్ధం చెప్పను. గదుల్లో రేకు కింద 50 మిల్లీమీటర్ల గ్లాస్‌వూల్, దాని కింద జిప్సం సీలింగ్ ఉన్నాయి కాబట్టి జోరువానలోనూ టీవీ వినపడుతుంది. బట్టలు ఆరేసుకునే వరండాకు మావారు ఖర్చెందుకని ఒట్టి రేకే వేయించారు. వాన పడుతుంటే అక్కడ ఫోను మాట్లాడడం కుదరదు. వేడి విషయంలో లేత బూడిద రంగు మేలు చేసింది. ఇటుక ఎరుపు వేసుకోమని అందరూ చెప్పారు కానీ 2016 ఏప్రిల్‌లో ఈ ఊళ్లో 39.2 డిగ్రీలు కాసిన ఎండ నాకు గుర్తుంది. ముదురు రంగు జోలికి పోలేదు.

నేను ఊహించని లాభం నీళ్లు. షింగిల్స్ ఉన్నప్పుడు వాననీటి ఫిల్టరు రాతిపలుకులతో ఊరికే పూడుకుపోయేది. ఇప్పుడు మొదటి జల్లు బయటికి వదిలేస్తే, తర్వాత వచ్చేది తేటగా సంపులోకి దిగుతుంది. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఇక్కడ ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ పడుతుంది. మా 70 చదరపు మీటర్ల కప్పుకు వృథా పోగా 50 వేల లీటర్లు ఎటూ పోవు. 2024 ఎండాకాలం ట్యాంకర్ల కోసం పడిగాపులు కాసినవాళ్లకు ఆ అంకె విలువ చెప్పక్కర్లేదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. గట్టరుకు వాటం సరిగా పెట్టలేదు, ఒక మూల నీళ్లు నిలిచి దోమలు పట్టాయి. ఫోన్ చేస్తే "రేపొస్తా అక్కా". ఆ రేపు వచ్చేలోగా నేనే అక్కడ బ్లీచింగ్ చల్లుకున్నా. వచ్చాక మాత్రం మారుమాటాడకుండా క్లాంపులు విప్పి సరిచేశాడు. పక్కింటి చెట్టు కొబ్బరికాయ పడి ఒక రేకు సొట్ట పోయింది, కారడం లేదు గానీ కిందనుంచే కనపడుతుంది. పీకిన షింగిల్స్‌ను పాతసామాన్ల వాళ్లు కొనరు, చెత్తబండి వాళ్లు ముట్టరు, టెంపోకు విడిగా ఇచ్చుకోవాలి. కొటేషన్లో ఈ మాట రాయించుకోండి. గ్యారంటీ కాగితం రంగుకూ తుప్పుకూ కంపెనీ ఇచ్చేది. కారితే పూచీ పని చేసినవాడిది, అదీ కాగితం మీద ఉండాలి.

ఐదుకు నాలుగిస్తా. రిడ్జి, అంటే కప్పు నడినెత్తి, చివర మూత ఒకటి ఇంకా బిగించలేదు, పిచ్చుకలు దూరి చూస్తున్నాయి. దీపావళి అయ్యాక వస్తానన్నాడు. ఆఖరి ఐదువేలు నా దగ్గరే ఉన్నాయి.